అప్‌గ్రేడ్ తర్వాత ఉబుంటు బూట్ కావడం లేదా?

ప్రశ్న: డిస్క్ మొత్తాన్ని ఎన్‌క్రిప్ట్ చేసుకున్న ల్యాప్‌టాప్‌లో ఉబుంటును 22.04 నుంచి 24.04కు అప్‌గ్రేడ్ చేశాను. రీస్టార్ట్ చేస్తే కెర్నల్ ప్యానిక్ అంటూ, చివర ‘అన్‌నోన్-బ్లాక్(0,0)’ అని చూపించి ఆగిపోతోంది. రిపేరు దుకాణంలో డిస్క్ పోయిందంటున్నారు. కొత్తది కొనాల్సిందేనా?

జవాబు: డిస్క్ సంగతి ప్రస్తుతానికి పక్కన పెట్టండి. ఆ రెండు సున్నాలకు అర్థం డిస్క్ పాడైందని కాదు, సిస్టమ్ ఫైళ్లన్నీ ఉండే రూట్ పార్టిషన్ ఏ పరికరంలో ఉందో, ఉబుంటుకు గుండెకాయ లాంటి కెర్నల్‌కు తెలియలేదని. ఉబుంటు ఆ పార్టిషన్‌ను సాధారణంగా యూయూఐడీ అనే గుర్తింపు సంఖ్యతో వెతుకుతుంది. ఆ వెతుకులాటా, పాస్‌వర్డ్ అడిగి ఎన్‌క్రిప్షన్ తెరవడమూ కెర్నల్ ఒక్కదానివల్ల అయ్యే పనులు కావు. వాటికోసం ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైలు ముందుగా మెమొరీలోకి రావాలి. ఆగిపోయేముందు మిమ్మల్ని డిస్క్ పాస్‌వర్డ్ అడగలేదంటే, కొత్త కెర్నల్‌కు ఆ ఫైలు తయారు కాలేదనే అనుమానం బలపడినట్లే. ఎన్‌క్రిప్ట్ చేసిన సిస్టమ్‌లలో ఈ ఫైలూ కెర్నళ్లూ ఉండే /బూట్ సాధారణంగా విడి పార్టిషన్‌గా ఉంటుంది కాబట్టి, పాత కెర్నళ్లు పేరుకుపోయి అందులో చోటు చాలకపోవడం తరచూ చూసే కారణం. అప్‌గ్రేడ్ నడుస్తున్నప్పుడు ఆ హెచ్చరిక వచ్చే ఉంటుంది గానీ, అన్ని వరుసల మధ్య దాన్ని ఎవరు చదువుతారు?

ల్యాప్‌టాప్ ఆన్ చేసి, కంపెనీ లోగో రాగానే ఎస్కేప్ కీని (పాత బయోస్ అయితే షిఫ్ట్) నొక్కితే, ఏ కెర్నల్‌తో మొదలుపెట్టాలో ఎంచుకునే గ్రబ్ మెనూ వస్తుంది. అందులో ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’ తెరిచి, నిన్నమొన్నటివరకు పనిచేసిన పాత కెర్నల్‌ను ఎంచుకోండి. సిస్టమ్ తెరుచుకుంటే టెర్మినల్‌లో ‘డీఎఫ్ -హెచ్ /బూట్’తో ఖాళీ ఎంతుందో చూసి, ‘సుడో ఏపీటీ ఆటోరిమూవ్ --పర్జ్’తో అక్కర్లేని కెర్నళ్లను తొలగించండి. తొందరపడి /బూట్‌లోని ఫైళ్లను చేత్తో చెరిపేయకండి. ఇప్పుడు మిమ్మల్ని ఆదుకుంటున్న కెర్నల్ కూడా వాటిలోనే ఉంది. సగంలో ఆగిన ప్యాకేజీలను ‘సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ’ పూర్తిచేస్తుంది. అప్పటికీ ఫైలు రాకపోతే ‘సుడో అప్‌డేట్-ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ -సీ -కే’ తర్వాత కొత్త కెర్నల్ వెర్షన్‌ను పూర్తిగా రాయండి. ‘సుడో అప్‌డేట్-గ్రబ్’ మాత్రం దీని తర్వాతే ఇవ్వాలి, ఎందుకంటే ఫైలు కంటికి కనిపిస్తేనే గ్రబ్ దాన్ని తన జాబితాలో చేర్చుకుంటుంది.

పాత కెర్నల్ కూడా మిగలకపోతే 24.04 లైవ్ యూఎస్‌బీతో బూట్ చేసి, సీహెచ్‌రూట్ ద్వారా (అంటే డిస్క్‌లోని ఉబుంటులోకి మారి) ఇవే ఆదేశాలు ఇవ్వాలి. అప్పుడు ఎన్‌క్రిప్టెడ్ పార్టిషన్‌ను క్రిప్ట్‌ట్యాబ్‌లో (ఎన్‌క్రిప్టెడ్ పార్టిషన్ల జాబితా ఉండే ఫైలులో) ఉన్న పేరుతోనే తెరవండి; పేరు మారితే కొత్తగా తయారైన ఫైలు కూడా పాస్‌వర్డ్ అడగకుండానే ఆగిపోవచ్చు.