పర్లాకిమిడి అమ్మాయికి 45 వేల సర్టిఫికెట్ కావాలా?

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి, బట్టల కొట్టు. మా అమ్మాయి బరంపురం యూనివర్సిటీలో ఎం.కాం. మొదటి ఏడాది, అక్కడే హాస్టల్. ఇంట్లో తెలుగు, బయట ఒడియా, క్లాసులో ఇంగ్లీషు. ఏ భాషలోనూ నలుగురిలో నోరు విప్పదు. శ్రీకాకుళం చుట్టాలు ఒడియా యాసని ఏడిపిస్తారు, మేమూ దిద్దుతూనే ఉంటాం. ఆన్‌లైన్‌లో ‘గ్లోబల్ కమ్యూనికేషన్’ సర్టిఫికెట్ 45,000 రూపాయలట, అడ్వాన్సు 5,000 కట్టాం. ఎం.కాం. మాన్పించి బెంగళూరులో ఎంబీఏలో వెయ్యమని బావగారి సలహా. ఏది మేలు?

జవాబు: ఈ ఉత్తరం రాయగడ నుంచీ వస్తుంది, కోరాపుట్ నుంచీ వస్తుంది. ఊరూ ఫీజూ తప్ప ఏమీ మారదు. మీరడిగింది రెండు కోర్సుల సంగతి. మీకు నిద్ర పట్టనివ్వనిది మాత్రం, పిల్ల అటు ఒడియా వాళ్లకీ ఇటు తెలుగు వాళ్లకీ కాకుండా పోయిందేమో, రేపు ఇంటర్వ్యూలో నవ్వుతారేమో అన్న బెంగ.

ఒడియా లెక్చరర్ పిలిస్తే మీ అమ్మాయి ‘ఆజ్ఞా’ అని పలుకుతుంది. గుంటూరు నుంచి కొత్తగా వచ్చిన కుర్రాడికి అది ఎవరో హుకుం జారీ చేసినట్టు వినిపిస్తుంది. అది మన ‘అండీ’ లాంటి మర్యాదేనని ఈమెకు ఒకరు చెప్పక్కర్లేదు. ఎవరిని ‘ఆపణ’ అనాలో, ఎవరిని ‘తుమే’ అనాలో, ‘తు’ ఎక్కడ చెల్లుతుందో కూడా అంతే. యూనివర్సిటీలు ‘ఇంటర్‌కల్చరల్ కమ్యూనికేషన్’ అని పేపరు పెట్టి నేర్పేది ఇలాంటి ఎరుకనే. మీ అమ్మాయికి అది చిన్నప్పుడే వచ్చేసింది. కంగారు పడకండి.

ఇక ఆ సర్టిఫికెట్. అందులో అసలు సరుకే ఉండదనను. మనం ‘చూద్దాం లెండి’ అంటే కుదరదని అర్థం. సూటిగా మాట్లాడే దేశం వాడు దాన్ని నమ్మి మర్నాడు మళ్లీ ఫోన్ చేస్తాడు. ఇలాంటివి నాలుగు తెలుస్తాయి, అందుకు 45 వేలు ఎందుకో నాకు అర్థం కాదు. వీడియో చూసి క్విజ్ రాస్తే ఎదుటి మనిషితో మాట్లాడటం వస్తుందా? గోర్డన్ ఆల్‌పోర్ట్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1954లోనే చెప్పాడు: వేరు వేరు జనం పక్కపక్కన ఉన్నంత మాత్రాన దురభిప్రాయాలు పోవు. సమాన హోదాలో, ఒకే లక్ష్యం కోసం, కలిసి పనిచెయ్యాలి, పైవాళ్ల మద్దతూ ఉండాలి. బెంగళూరుకీ ఇదే వర్తిస్తుంది. అక్కడికెళ్లి ఆంధ్రా మెస్సులో తిని తెలుగు వాళ్లతోనే కాలం గడిపి వచ్చిన పిల్లల్ని చాలామందిని చూశాను. మొదలెట్టిన ఎం.కాం. మధ్యలో మాన్పించకండి.

కోపం తెచ్చుకోకండి, ఒక మాట అడుగుతాను. ఇంట్లో నోరు తెరిచినప్పుడల్లా దిద్దితే, చుట్టాలు నవ్వుతుంటే మీరూ వాళ్ల పక్కన నిలబడితే, ఆ పిల్ల ఇంకెక్కడ మాట్లాడుతుంది? మీ ఊళ్లోనే పంతులుగా పనిచేసిన గిడుగు రామమూర్తి సవరల దగ్గర కూర్చుని వాళ్ల భాష నేర్చుకున్నారు. నేర్చుకునేటప్పుడు ఎన్ని తప్పులు పలికి ఉంటారో! ముందు మీ ఇంట్లో ఆ దిద్దడం ఆపండి.

అమ్మాయికి రెండు పనులు చాలు. మొదటిది, రకరకాల జనంతో కలిసి పని చెయ్యడం. సెలవులకొచ్చినప్పుడు కొట్లో గల్లా దగ్గర కూర్చోబెట్టండి. కొండ దిగి వచ్చే సవరలు, ఒడియా ఉద్యోగులు, ఆంధ్రా నుంచి వచ్చే ఏజెంట్లు అందరితో బేరం తననే ఆడనివ్వండి, మీరు మధ్యలో దూరకండి. యూనివర్సిటీలో ప్రాజెక్టు చేసేటప్పుడు తెలుగు స్నేహితుల్ని వదిలి, ఒడియా పిల్లలతోనో రాయగడ నుంచి వచ్చిన, కుయి భాష మాట్లాడే గిరిజన పిల్లలతోనో జట్టు కట్టమనండి.

రెండోది, లిపి. మన సరిహద్దు పిల్లల్లో చాలామంది తెలుగు మాట్లాడతారు కానీ చదవలేరు. ఎస్‌బీఐ క్లర్కు ఉద్యోగానికి దరఖాస్తు చేసే రాష్ట్రం భాష చదవడం, రాయడం కూడా రావాలి. పదిలోనో పన్నెండులోనో ఆ భాష చదివినట్టు రుజువు లేకపోతే విడిగా పరీక్ష పెడతారు. ఎం.కాం. పిల్లకి ఒడియా, తెలుగు రెండూ రాయడం వస్తే రెండు రాష్ట్రాల్లో ఏదైనా ఎంచుకోవచ్చు. రోజుకో అరగంట తెలుగు పేపరు చాలు.

కట్టిన 5,000 రాతపూర్వకంగా తిరిగి అడగండి. ఇవ్వకపోతే పోనివ్వండి, దానికోసం మిగతా 40 వేలు మాత్రం కట్టకండి.