బీడులో ఎండుగడ్డి కుళ్లడం లేదా? తగలబెట్టే ముందు నేల తవ్వి చూడండి

సందేహం: మా పశువులు మేసే బీడులో ఎండిన గడ్డి కుళ్లకుండా చాపలా పేరుకుపోయింది. పేడ కూడా ఎండి ఎక్కడిదక్కడే ఉంటోంది. కొత్త చిగురు పలచగా వస్తోంది. గడ్డి కింద చెదలు కనిపిస్తున్నాయి. తగలబెట్టి, పురుగుమందు గుళికలు చల్లమని కొందరు అంటున్నారు. చల్లమంటారా?

సమాధానం: దయచేసి ఆ రెండూ చేయకండి. తగలబెడితే గడ్డిలోని నత్రజని, గంధకం చాలావరకు గాలిలో కలిసిపోతాయి. కార్బోఫ్యురాన్ లాంటి గుళికలు వానపాములను చంపేస్తాయి. మీ బీడులో ఇప్పుడు కొరతగా ఉన్నది బహుశా అవే.

గడ్డిని చివరికి కుళ్లబెట్టేది శిలీంద్రాలు, బ్యాక్టీరియా. కానీ వాటికి గడ్డిని అందుబాటులోకి తెచ్చేది నేలలోని చిన్న ప్రాణులు. రోకలిబండ పురుగులు ఎండుటాకును కొరికి ముక్కలు చేస్తాయి. వానపాములు దాన్ని మట్టితో కలిపి తేమ ఉండే లోపలికి లాక్కెళ్తాయి. కంటికి సరిగ్గా ఆననంత చిన్నవైన స్ప్రింగ్‌టెయిల్ పురుగులు శిలీంద్రాలను మేస్తూ వాటి బీజాలను చుట్టుపక్కలకు చేరవేస్తాయి. పేడను పేడపురుగులు భూమిలోకి దించుతాయి. ఆస్ట్రేలియాలో స్థానిక పేడపురుగులకు పశువుల పేడ సరిపడక, అది బీళ్ల మీదే పేరుకుపోయేది. అందుకే 1960ల చివరి నుంచి బయటి దేశాల పేడపురుగులను తెచ్చి వదిలారు.

మీ సమస్యకు బాగా దగ్గరగా ఉన్న ఉదాహరణ నెదర్లాండ్స్‌ది. అక్కడ నీటిని తోడి కొత్తగా సాగులోకి తెచ్చిన నేలల్లో వానపాములు లేవు. పచ్చికబీళ్లలో గడ్డి పొర పేరుకుపోయింది. వానపాములను వదిలాక ఆ పొర పోయింది. న్యూజిలాండ్‌లోనూ ఇదే జరిగింది, పచ్చిక దిగుబడి కూడా పెరిగింది.

చెదల గురించి టెన్షన్ పడకండి. నేల ఎండి వానపాములు లోతుకు వెళ్లిపోయే కాలంలో ఎండుగడ్డిని కుళ్లించే పనిలో చాలా భాగం చెదలదే. పచ్చి గడ్డి దుబ్బును పీకి చూడండి. వేళ్లు బాగుంటే చెదల జోలికి వెళ్లొద్దు.

నేల తడిగా ఉన్నప్పుడు నాలుగైదు చోట్ల జానెడు లోతున మట్టిపెళ్ల తీసి చూడండి. వానపాములు కనిపించకపోతే, అవి బాగా ఉన్న పచ్చిక నుంచి మట్టిపెళ్లలను వానాకాలంలో తెచ్చి అక్కడక్కడా నాటండి. వర్మీకంపోస్టు వానపాములు కొనకండి, అవి కుప్పల్లో బతికే రకం, బీడు మట్టిలో నిలవవు. నాటిన చోటి నుంచి మట్టిపెళ్లల్లోని వానపాములు ఏడాదికి కొన్ని మీటర్లే విస్తరిస్తాయి, ఓపిక పట్టాలి. పప్పుజాతి మేత విత్తనం కలిపి చల్లితే కుళ్లడం వేగమవుతుంది. ముదిరిన గడ్డిలో నత్రజని మరీ తక్కువ, ఆ లోటును పప్పుజాతి మేత తీరుస్తుంది.

ఇంకొకటి, నట్టల మందు. ఐవర్‌మెక్టిన్ ఇచ్చిన పశువుల పేడలో మందు అవశేషాలు ఉండి పేడపురుగుల పిల్లలను చంపుతాయి. మంద మొత్తానికీ ఒకేసారి వేయకుండా, అవసరమైన పశువులకే పశువైద్యుణ్ణి అడిగి వేయించండి.

తేడా మీరే చూడాలనుకుంటే, ఒకే బరువు ఎండుగడ్డిని ఒక సన్నని నైలాన్ గుడ్డ సంచిలో, ఒక పెద్ద కన్నుల వల సంచిలో కట్టి బీడులో పక్కపక్కన పెట్టండి. సన్నని గుడ్డలోకి ఈ ప్రాణులు దూరలేవు. రెండు మూడు నెలల తర్వాత మట్టి దులిపి, ఎండబెట్టి తూకం వేయండి. గుడ్డ సంచిలో కంటే వల సంచిలో గడ్డి బాగా తగ్గితే ప్రాణులు పని చేస్తున్నట్టే. రెండింటిలోనూ గడ్డి పెద్దగా తగ్గకపోతే ముందు నేలలో తేమ నిలిచేలా చూసి, పశువుల తొక్కిడి తగ్గించి, ఆ తర్వాతే వానపాములను వదలండి.