సందు వదులు, బిడ్డా

బల్లార్షా
ఆదివారం

బిడ్డా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి అరగంట ఏడ్చింది. హైదరాబాద్‌లో ఉద్యోగం వదిలేసి చంద్రపూర్ ఎమ్ఐడీసీ పారిశ్రామికవాడలో షెడ్డు అద్దెకు తీసుకుంటున్నావట. గుమ్మం ముందు వేసే మ్యాట్లు చేస్తావట, అవి కూడా ముక్కలు ముక్కలుగా. "సిపెట్‌లో ప్లాస్టిక్ చదువు చదివించింది కాళ్ళు తుడుచుకునే పట్టాలు చేయడానికా అన్నా?" అని అడిగింది. ఏదో సర్దిచెప్పి పెట్టేశాను గానీ, ఆ తర్వాత నాకూ నిద్ర పట్టలేదు. భయం కొంత. మిగిలినది భయం కాదు. మన ఇంట్లో నా తర్వాత ఈ పని పట్టుకున్నది నువ్వే. ఆ మాట మీ అమ్మతో అనలేదు, అంటే నన్నే తిడుతుంది.

ఉద్యమ్ రిజిస్ట్రేషన్, జీఎస్టీ, కరెంటు మీటరు, ఇవన్నీ నాకంటే నీకే బాగా తెలుసు. లోను తీసుకుంటే మీ నాన్న ఇల్లు మాత్రం పెట్టకు. దాని గురించి ఇక అడగను.

నువ్వు వాట్సాప్‌లో పంపిన బొమ్మలు కళ్ళజోడు పెట్టుకుని, పెద్దవి చేసుకుని మరీ చూశాను. 30 సెంటీమీటర్ల చదరపు టైలు, 12 మిల్లీమీటర్ల మందం, జల్లెడలాంటి కన్నాలు, పక్కలకు కొక్కేలు. బాగుంది. రంగులు ఇంకా బాగున్నాయి. కానీ ముందు ఒక సంగతి చెప్పు, గోనెసంచి కంటే నీది ఏ విధంగా మేలు?

నవ్వకు. మీ తాత కరీంనగర్ వైపు నుంచి ఇక్కడి బొగ్గు గనికి వచ్చినప్పుడు మా గుమ్మం ముందు ఉండేది అదే. మీ అమ్మమ్మ గోనెసంచిని నాలుగు మడతలు వేసి పరిచేది. తాత షిఫ్టు దిగి వచ్చి బూట్లు దాని మీద రుద్దుకునేవాడు. బూట్లు తలుపు పక్కన పెట్టాక సంచి మళ్ళీ మడత పడి మేకుకు ఎక్కేది. శుక్రవారం ఉతుకు. వానాకాలంలో మూడు సంచులు వంతులేసుకుని ఆరేవి. పరచడం క్షణం, తీయడం క్షణం, ఖర్చు సున్నా. నీకు పోటీ ఇంకో కంపెనీ మ్యాట్ కాదు, ఆ సంచి. బండ మీద అది జారుతుంది, నీళ్ళు పీల్చి కంపు కొడుతుంది, మూడోరోజుకి దుమ్మును తిరిగి కాళ్ళకే అంటిస్తుంది. ఈ మూడింటిలో నీది గెలవాలి. మిగతా విషయాల్లో దానితో సమానంగా ఉన్నా చాలు.

మన దగ్గర మట్టి మాట వేరు. ఎండాకాలంలో బొగ్గు పొడి. వానొస్తే రేగడి, చెప్పుకి పట్టిందంటే పుల్లతో గీకాల్సిందే. ఒకప్పుడు ఆలప్పుళ నుంచి కొబ్బరిపీచు మ్యాట్లు తెప్పించి అమ్మాను. మొదటి వాన దాకా రాజాలా ఉండేవి. తర్వాత రేగడి పీచులోకి దిగి ఎండితే ఇటుకే. అందుకే నీ కన్నాల ఆలోచన నాకు నచ్చింది, మట్టి కింద పడిపోతుంది. కానీ కింద పడిన మట్టి పోవడానికి దారి ఉండాలి కదా. టైలు అడుగున కాళ్ళు కనీసం అయిదారు మి.మీ. ఎత్తు పెట్టు, నీళ్ళు పోస్తే ఒక పక్కకు పారిపోవాలి. ఇంకోటి, గీకే టైళ్ళు ఒక్కటే సరిపోవు. మొదట గీకేవి, తర్వాత తడి పీల్చే గుడ్డ పట్టీ ఉన్నవి. మనిషి నడుస్తుంటే ఒక్కో కాలు కనీసం రెండుసార్లు మ్యాట్ మీద పడాలి. అంటే నాలుగు అడుగులు, సుమారు రెండున్నర మీటర్లు. ఇంటి గుమ్మానికి అంత చోటు ఎక్కడిది అంటావు. నిజమే, ఇళ్ళకి ఆశ వదులుకో. దుకాణాలకీ ఆస్పత్రులకీ మాత్రం ఈ లెక్క చెప్పి అమ్ము.

మనవాళ్ళు చెప్పులు బయటే వదిలి ఉత్త కాళ్ళతో మ్యాట్ ఎక్కుతారు. ఇది ఏ కేటలాగులోనూ ఉండదు. నీ నల్ల రంగు టైలు మే నెల మధ్యాహ్నం ఎండలో పెట్టి నువ్వే చెప్పులు లేకుండా నిలబడి చూడు. పది లెక్కపెట్టేలోపు దిగిపోతావు. లేత బూడిద రంగు చెయ్యి, బొగ్గు పొడి దాని మీదా అంతగా కనపడదు. మొనలు కూడా అరికాలికి గుచ్చుకోకూడదు. చేతికర్ర మొన కన్నంలో దిగకూడదు.

కొక్కేల విషయం. నువ్వు రెండు వైపులా కొక్కేలు, రెండు వైపులా కన్నాలు పెట్టావు. అలా అయితే పరిచేవాడు ప్రతి టైలుకీ ఏది ఎటో చూసుకోవాలి, వాలు అంచులు రెండు రకాలు కావాలి, మూలలు మళ్ళీ వేరే. కస్టమరు ఒక్క మూల ముక్క పోగొట్టుకున్నాడనుకో, నీ సెట్టంతా అటక మీదికి. ప్రతి అంచులోనూ సగం కొక్కెం, సగం కన్నం పెట్టి చూడు, చుట్టూ ఒకే వరసలో. టైలు ఎటు తిప్పినా కూర్చుంటుంది. వాలు అంచు ఒకటే రకం చాలు, ఒక అచ్చు ఖర్చు మిగులుతుంది. నాకు ఇది పదేళ్ళు ఆలస్యంగా తట్టింది.

ఇక నేను అసలు ఈ ఉత్తరం ఎందుకు మొదలుపెట్టానో చెబుతాను. నీ బొమ్మల్లో చివరిది, వరండాలో గోడ నుంచి గోడకు సందు లేకుండా పరిచి చూపించావే, అది చూశాకే నాకు నిద్ర ఎగిరిపోయింది.

2007 డిసెంబరు. చంద్రపూర్‌లో ఒక ఆస్పత్రి, పేరు వద్దు. అద్దాల వరండా, ఆరు మీటర్ల పొడవు. ఇరవై టైళ్ళ వరస, అలాంటివి ఎనిమిది, మొత్తం 160 టైళ్ళు. నాకు అప్పటిదాకా అంత పెద్ద ఆర్డరు రాలేదు. పొద్దున ఏడింటికే వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుని పరిచాను. చివరి టైళ్ళు గోడకి బిగుసుకుని దిగలేదు. రబ్బరు సుత్తితో కొట్టి కూర్చోబెట్టాను. చలికి బిరుసెక్కిన పీవీసీ కిర్రుమంటూ దిగింది. చీమ దూరే సందు లేదు. లేచి నిలబడి చూసుకుని ఎంత పొంగిపోయానో. డాక్టరుగారు చూసి భుజం తట్టారు.

ఏప్రిల్‌లో చైత్ర పౌర్ణమికి మహాకాళి జాతర, ఊరంతా జనం. మధ్యాహ్నం మూడింటికి ఆస్పత్రి నుంచి ఫోను. వెళ్ళేసరికి మ్యాట్ నడుమ పిల్లి వీపులా లేచి ఉంది, నాలుగు వేళ్ళ ఎత్తు. రాజురా వైపు నుంచి మనవణ్ణి చూపించడానికి వచ్చిన ముసలమ్మ కాలు దానికి తగిలి పడింది. కుడి మణికట్టు విరిగింది. పిల్లవాడిని వదలకుండా ఎడమ చేత్తో పట్టుకునే పడిందట.

అక్కడ ఊడ్చే ఆవిడ ఒకరు ఉండేది, అందరూ మావశి అనేవాళ్ళు, మరాఠీలో పిన్ని అని. రోజూ పొద్దున టైళ్ళు ఊడదీసి, కింద కడిగి, మళ్ళీ పెట్టేది. "ఇవాళ సరిగా కూర్చోబెట్టలేదు" అన్నారు ఎవరో. అందరూ నా వైపు చూశారు, పరిచినవాడిని కదా. నేను తల ఊపాను. అబద్ధం చెప్పాను అనడానికి కూడా లేదు, నోరు తెరవలేదు. తల ఊపానంతే. మర్నాటి నుంచి ఆమె అక్కడ పనిలో లేదు.

నెల తర్వాత మన స్టేషన్ బయట టీ తాగుతూ, గ్యాంగ్‌మన్‌గా చేసిన దోస్తుతో ఈ సంగతి అన్నాను. మ్యాట్ ఎందుకు లేచిందో తెలియట్లేదని. వాడు నన్ను చూసి నవ్వాడు. "రైలు పట్టాకీ పట్టాకీ మధ్య సందు ఎందుకు వదిలేవాళ్ళమో తెలుసా?" అన్నాడు. గ్లాసు అక్కడే పెట్టేసి ఇంటికొచ్చి లెక్క వేశాను. పీవీసీ మీటరు ముక్క ఒక డిగ్రీ వేడికి సుమారు 0.07 మి.మీ. సాగుతుంది. మెత్తటి రకమైతే ఇంకా ఎక్కువే. నేను పరిచిన పొద్దున 15 డిగ్రీలు ఉండి ఉంటుంది. ఏప్రిల్ ఎండలో అద్దాల వెనక నేల 50 అనుకో. తేడా 35. ఆరు మీటర్లకు పదిహేను మి.మీ. దగ్గర. బొటనవేలి వెడల్పు కూడా లేదు. కానీ పక్కలకు చోటు లేనప్పుడు అది పైకే పోతుంది, పైకి పోతే ఏడు సెంటీమీటర్ల గూని అవుతుంది. ప్లాస్టిక్ స్కేలు రెండు చివర్లా పట్టుకుని కాస్త నొక్కి చూడు. చివర్లు కదిలింది కంటికి ఆనదు, నడుము మాత్రం విల్లులా లేస్తుంది.

మావశి కోసం వెతకడానికి మూడు వారాలు పట్టింది. బస్టాండు దగ్గర ఉడకబెట్టిన శనగలు అమ్ముతోంది. తప్పు నాదేనని చెప్పాను. ఆమె శనగల్లో ఉల్లిపాయ కలుపుతూనే, "నాకు తెలుసు సార్. పొద్దున పెట్టినప్పుడు చదునుగానే ఉండేది, ఎండ వస్తే లేచేది. రెండుసార్లు చెప్పాను, ఎవరు వింటారు" అంది. తర్వాత బొటనవేలు చూపించింది, గోరు వంకరగా పెరిగి ఉంది. ఆ కొక్కేలు చేత్తో ఊడేవి కావట, చెంచా కాడ దూర్చి లేపేదట. నాలుగు నెలలు, రోజూ 160 టైళ్ళు. పరిచి డబ్బులు తీసుకున్నాక నేను ఒక్కసారైనా వెళ్ళి చూస్తే కదా.

ముసలమ్మ పిండికట్టు ఖర్చు నేనే కట్టాను. ఆస్పత్రికి వెళ్ళి అసలు సంగతీ చెప్పాను, అప్పటికే వేరే మనిషిని పెట్టుకున్నారు. మావశి డబ్బులు తీసుకోలేదు. పది రూపాయల శనగలు కొని తెచ్చాను, మీ అత్త ఎందుకిన్ని అని అడిగితే ఏదో చెప్పాను. ఈ కథ ఇంట్లో ఎవరికీ తెలియదు. ఇప్పుడు నీకు తెలుసు.

అందుకని బిడ్డా, నువ్వు ఎంత చదివినా సరే, కోప్పడి చెబుతున్నాననుకో. ప్రతి అతుకులో ఒక మి.మీ. ప్లే, అంటే కదిలే చోటు, ఉండాలి. గోడ దగ్గర చిటికెన వేలు దూరేంత సందు వదులు. గమ్ముతో అతికించకు. అచ్చు నుంచి తీసిన రోజే కొలవకు, ఒకరోజు చల్లారనివ్వు. వాలు అంచు 12 మి.మీ. ఎక్కడానికి కనీసం ఆరు సెంటీమీటర్ల పొడవు తీసుకోవాలి, రంగు వేరేగా ఉండాలి, చూపు ఆనని పెద్దవాళ్ళ కోసం. కస్టమరు సందు ఎందుకు అని అడుగుతాడు, అసహ్యంగా ఉందంటాడు. అననివ్వు.

కొక్కెం పట్టు ఎంత ఉండాలో మెషీను మీద కొలిచేముందు మీ అమ్మ చేత ఊడదీయించు. ఆమెకు వేళ్ళ కీళ్ళ నొప్పులు మొదలయ్యాయి, నీతో చెప్పి ఉండదు. తడి చేతులతో, కొక్కెంలో రేగడి ఇరికించి, చలికాలం పొద్దున ఊడదీయించు. ఆమె చెంచా కోసం వంటింట్లోకి వెళ్ళిందంటే నీ డ్రాయింగు మార్చు. ఆ వంకన నాలుగు రోజులు ఇంట్లో ఉంటావు, ఏడుపూ ఆపుతుంది.

దాచడం గురించి నువ్వు ఒక్క లైను రాశావు, "స్టాక్ చేయవచ్చు" అని. మూడు చదరపు మీటర్లకు 33 టైళ్ళు, ఒకదాని మీద ఒకటి పెడితే 40 సెంటీమీటర్ల ఎత్తు. మంచం కిందికి పోదు. రెండు దొంతరలు చెయ్యాలి. ఒక్కోటి అర కిలో ఉన్నా మొత్తం పదహారు కిలోలు దాటుతుంది, ఒకే సంచిలో పెడితే ఎవరు ఎత్తుతారు? ఎనిమిదేసి కిలోల రెండు సంచులు, పిడి ఉన్నవి. అడుగు కాళ్ళు కింది టైలు కన్నాల్లో కొంచెం దిగేలా చేస్తే ఎత్తు తగ్గుతుంది, కానీ బిగుతుగా దిగితే వేసవిలో అతుక్కుని విడిపోవు. పక్కన నిలబెట్టి దాస్తే వంగి అలాగే ఉండిపోతాయి. ఇది సంచి మీదే బొమ్మ వేసి చూపించు, కాగితం ఎవరూ చదవరు. గడప మీదికి మ్యాట్ ఎక్కించినట్టు ఫొటో మాత్రం తీయకు. పసుపు రాసిన గడపను కప్పేస్తే మనవాళ్ళు కొనరు, మీ అత్త అయితే మొహం మీదే చెబుతుంది.

నీ మొదటి సెట్టు రాగానే ఒకటి మా వాకిట్లో పరిచి వెళ్ళు. పడమటి ఎండ నేరుగా పడుతుంది, మేలో ఇక్కడ 45 దాటుతుంది కదా. పొద్దున ఆరింటికీ మధ్యాహ్నం మూడింటికీ కొలిచి నోట్‌బుక్‌లో రాసి పెడతాను. రిటైరైన మనిషికి అంతకంటే ఏం పని. స్టీలు టేపు నా దగ్గర ఉంది, నువ్వు తేనక్కరలేదు. వచ్చేముందు ఫోన్ చెయ్యి, రైలు ఎప్పుడూ టైముకి రాదు, స్టేషన్‌కి నేనే వస్తాను.

మీ మామ

అత్త అడుగుతోంది, షెడ్డులో భోజనం సంగతి ఏమిటని. చంద్రపూర్‌లో గది తీసుకోకు, ఇక్కడి నుంచి బస్సుంది. పొద్దున డబ్బా కట్టిస్తాను.