టెక్ సందేహాలు: లింకు నొక్కినా పేజీ కదలట్లేదా?

ప్రశ్న: పొడవాటి పేజీకి పైన విషయసూచిక పెట్టాను. కొన్ని లింకులు సరిగ్గా వెళ్తున్నాయి, కొన్ని నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. వెళ్లినచోట శీర్షిక, పేజీ పైన అంటుకుని ఉండే మెనూ వెనక దాక్కుంటోంది. పాత ట్యుటోరియల్ చూసి యాంకర్ ట్యాగులో (లింకులకు, లింకు చేరాల్సిన చోటుకు వాడే <a> ట్యాగు) ఆ చోటి పేరుగా ‘నేమ్’ (name) రాశాను. అన్ని బ్రౌజర్లలో పనిచేయాలంటే నేమ్ వాడాలా, ఐడీ (id) వాడాలా?

జవాబు: ఐడీయే వాడండి. అలాగని పాత పేజీల గురించి టెన్షన్ అక్కర్లేదు. లింకులో # తరవాత ఉన్న పేరును బ్రౌజర్ ముందు ఐడీల్లో వెతుకుతుంది, దొరక్కపోతే యాంకర్ ట్యాగుల నేమ్‌లలో చూస్తుంది. వెబ్ పేజీలు రాసే భాష హెచ్‌టీఎంఎల్ ప్రమాణంలోనే ఈ వరస ఉంది కాబట్టి క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారీ మూడూ ఇలాగే చేస్తాయి. కొత్తగా రాసేటప్పుడు మాత్రం నేమ్ వద్దని, దగ్గర్లో ఉన్న ట్యాగుకే ఐడీ ఇమ్మని అదే ప్రమాణం చెబుతోంది. అంటే శీర్షిక ట్యాగుకే ఐడీ రాస్తే చాలు, లోపల ఏమీ లేకుండా పేరు కోసమే పెట్టే ఖాళీ యాంకర్లతో పని లేదు.

ఆ ఖాళీ యాంకర్లతో ఇంకో తంటా ఉంది. చాలామంది ట్యాగు చివర వాలుగీత (/) పెట్టి మూసేశామనుకుంటారు. హెచ్‌టీఎంఎల్‌లో యాంకర్ ట్యాగుకు ఆ గీత లెక్కలోకి రాదు. ట్యాగు తెరిచే ఉండిపోయి, పేజీ డిజైన్‌లో యాంకర్లకు రంగు ఇచ్చి ఉంటే అది కింది పేరాకు కూడా అంటుకుంటుంది. నేరం బ్రౌజర్ మీదికి పోతుంది!

కదలని లింకుల సంగతికొస్తే, నా అనుమానం ఇంగ్లిష్ పెద్దక్షరాల మీదే. ఐడీలో చిన్నబడి ‘ఎ’, లింకులో పెద్దబడి ‘ఎ’ ఉంటే అవి రెండు వేర్వేరు పేర్లు. ఐడీలో ఖాళీ జాగా కూడా ఉండకూడదు, బదులుగా అడ్డగీత (-) పెట్టండి. కాపీ-పేస్ట్‌లో ఒకే ఐడీ రెండుచోట్ల పడితే బ్రౌజర్ మొదటిదాని దగ్గరే ఆగుతుంది. అంకెతో మొదలయ్యే ఐడీ హెచ్‌టీఎంఎల్ 4లో తప్పు, 5లో ఒప్పు. అయినా పేజీ రూపాన్ని దిద్దే సీఎస్ఎస్‌లో దాన్ని పిలవడం తలనొప్పి, మానేయండి.

దాక్కుంటున్న శీర్షికకు జావాస్క్రిప్ట్ కోడ్ జోలికి పోవద్దు. సీఎస్ఎస్‌లో శీర్షికలకు ‘స్క్రోల్-మార్జిన్-టాప్’ రాసి, మెనూ ఎత్తు కన్నా కాస్త ఎక్కువ ఇవ్వండి. మెనూ 60 పిక్సెల్స్ ఉంటే 70 సరిపోతుంది.