ముల్లు లేవకపోతే ట్యాంకు మార్చాలా?

అన్నా, ఫుల్ ట్యాంక్ డీజిల్ కొట్టించినా మీ పాత పికప్‌లో డీజిల్ మీటరు ముల్లు ఖాళీ దగ్గరే ఉంటోందని, దేవరకొండ మెకానిక్ ట్యాంకే మార్చమన్నాడని రాశారు. ట్యాంకు కారకపోతే దాని జోలికి పోవద్దు.

ట్యాంకులో డీజిల్ ఎంతుందో మీటరుకు చెప్పే భాగం సెండర్. దాని వైరు ఊడదీసి, కీ ఆన్ చేసి, కొసను ఒక్క క్షణం ఛాసిస్‌కు ఆనించండి. పెట్రోల్ బండైతే మాత్రం వద్దు, నిప్పురవ్వతో ప్రమాదం. ముల్లు కదిలితే మీటరు బాగున్నట్టే. తర్వాత సెండర్ ఎర్త్ వైరును ఛాసిస్‌కు బిగించే బోల్టు తుప్పు గీకండి. మన మట్టిదారుల్లో తిరిగే బండ్లకు సగం రోగం అక్కడే.

అప్పటికీ లేవకపోతే సెండర్ బయటికి తీసి, దానికుండే ఫ్లోట్‌ను, అంటే డీజిల్ మీద తేలే బుడ్డిని, చెవి దగ్గర ఊపండి. లోపల డీజిల్ గలగలమంటే చిల్లు పడ్డట్టే. కొత్తది వేసేటప్పుడు రబ్బరు రింగు కూడా మార్చండి, లేదంటే వాసన వదలదు. ట్యాంకు దించాల్సి వస్తే ముందు డీజిల్ తోడేయండి, 50 లీటర్లంటేనే 40 కిలోలు దాటుతుంది.