సైట్ ఇంజనీర్‌గా మొదటి ఉద్యోగం, ఏమీ రాదనే భయం: ఏం చేయాలి?

బీటెక్ సివిల్ ఈ ఏడాదే పూర్తయిందని, వచ్చే నెల హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్ సైట్‌లో చేరుతున్నానని రాశారు. చదివింది ఏదీ గుర్తులేదని, మేస్త్రీల ముందు పరువు పోతుందేమోనని టెన్షన్ పడుతున్నారు.

నేను 2011లో అచ్చంగా ఇలాగే చేరాను. మాది ప్రకాశం జిల్లాలో చిన్న ఊరు, పదో తరగతి దాకా తెలుగు మీడియం. జీతం తొమ్మిది వేలు. నాతో చదివి సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లినవాళ్లకు అంతకు రెట్టింపు పైనే వచ్చేది. సైట్ నార్సింగి దగ్గర. రాడ్ పని బీహార్ వాళ్లది, సెంట్రింగ్ బెంగాల్ వాళ్లది, తాపీ పని శ్రీకాకుళం వాళ్లది. నాకేమో హిందీలో పది మాటలు రావు. మొదటి పది రోజులు డ్రాయింగులు చేత్తో పట్టుకుని తిరిగానే తప్ప ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు.

కొత్త ఇంజనీరుకు పని రాదని సైట్‌లో అందరికీ తెలుసు. మేస్త్రీకి తెలుసు, మీ సీనియర్‌కి తెలుసు, మిమ్మల్ని ఉద్యోగంలోకి తీసుకున్నవాళ్లకూ తెలుసు. కాబట్టి అడిగితే ఎవరూ తక్కువగా చూడరు. తెలియకపోయినా తల ఊపేయడమే ప్రమాదం. ఎలాగో నాకు జరిగింది చెప్తాను.

చేరిన మూడో నెలలో నాలుగో అంతస్తు స్లాబ్ వచ్చింది. బాల్కనీలు కింద ఆధారం లేకుండా బయటికి వచ్చి ఉన్నాయి, అంటే కాంటిలీవర్. మామూలు స్లాబ్‌లో బరువు పడితే మధ్యలో కిందిభాగం సాగుతుంది, అందుకని అక్కడ మెయిన్ రాడ్ కింద ఉంటుంది. కాంటిలీవర్‌లో సాగేది పైభాగం, కాబట్టి మెయిన్ రాడ్ పైనే ఉండాలి. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న విషయమే ఇది. ముందురోజు సాయంత్రం చెకింగ్‌కి వెళ్లినప్పుడు ఒక బాల్కనీలో పై రాడ్లు బాగా కిందికి దిగినట్టు అనిపించింది. వాటిని ఎత్తి ఉంచే చెయిర్లు చాలలేదు, పనివాళ్లు పైన నడవడంతో ఉన్నవీ వంగిపోయాయి. అనుమానం వచ్చింది. కానీ రాడ్ మేస్త్రీకి ఇరవై ఏళ్ల అనుభవం, ఆయనకు తెలియదా అనుకున్నాను. అడిగితే నవ్వుతాడేమో అనీ అనుకున్నాను. చెక్‌లిస్టు మీద సంతకం పెట్టేశాను.

మర్నాడు పొద్దున రెండు రెడీమిక్స్ బండ్లు ఖాళీ అయ్యాక మా ప్రాజెక్ట్ ఇంజనీరు పైకి వచ్చారు. నేరుగా ఆ బాల్కనీ దగ్గరికి వెళ్లి, రాడ్ మీద కాలు పెట్టి చూసి పని ఆపించారు. కాంక్రీట్ ఇంకా అటువైపు రాలేదు కాబట్టి సరిపోయింది. చెయిర్లు పెంచి, రాడ్లు లేపి, మళ్లీ మొదలుపెట్టడానికి గంట పట్టింది. ఆయన నన్ను నలుగురిలో ఒక్క మాట అనలేదు. మధ్యాహ్నం పక్కకు పిలిచి, "నీకు అనుమానం రాలేదా?" అన్నారు. వచ్చిందండీ అన్నాను. "మరి నాకు ఫోన్ చేయలేదేం?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ అటు వెళ్తే తలెత్తి ఆ బాల్కనీ చూస్తాను. ఎవరో అక్కడ బట్టలు ఆరేసుకుంటారు, పిల్లలు నిలబడతారు.

అందుకే అంటున్నాను, ఏ అనుమానమైనా కాంక్రీట్ పడకముందే అడిగేయండి. పడ్డాక చూద్దామన్నా కనబడదు.

మేస్త్రీని అడగడానికి ఒక పద్ధతి ఉంది. "ఇది తప్పు" అంటూ మొదలుపెట్టకండి. "అన్నా, ఇక్కడ ఇలా ఎందుకు కట్టారు?" అనండి. పని చేతిలో ఉన్నవాళ్లకు చెప్పడం ఇష్టం. గోడ నిటారుగా ఉందో లేదో గుండు వేసి చూడడం, లెవెల్ పైపుతో మట్టం పట్టడం నాకు మా తాపీ మేస్త్రీ గారే నేర్పారు, కాలేజీలో కాదు. అయితే ఆయన అనుభవం ఎంత పెద్దదైనా డ్రాయింగ్‌లో లేనిది ఒప్పుకోకండి. తేడా కనబడితే సీనియర్‌కి చెప్పండి, అక్కడి నుంచి డిజైనర్ తేలుస్తారు. మీ అంతట మీరు మార్చేయడం కూడా తప్పే.

నాలుగేళ్ల పుస్తకాలూ ఇప్పుడు తిరగేయక్కర్లేదు. కాంక్రీట్ పనికి మన దేశ ప్రమాణాల పుస్తకం ఐఎస్ 456లో కవర్ (రాడ్‌కీ కాంక్రీట్ బయటి అంచుకీ మధ్య ఉండే మందం), క్యూరింగ్ (కాంక్రీట్‌ను తడిగా ఉంచడం), సెంట్రింగ్ ఎప్పుడు విప్పాలనే భాగాలు చదువుకోండి. మా డ్రాయింగుల్లో స్లాబుకు 20, కాలమ్‌కు 40, పునాదికి 50 మిల్లీమీటర్ల కవర్ ఉండేది, మీ డ్రాయింగులో ఎంతుందో మొదటి రోజే చూసుకోండి. రాడ్ వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి 162తో భాగిస్తే మీటరుకు ఎన్ని కిలోలో వస్తుంది. 12 ఎంఎం రాడ్ అయితే సుమారు 0.89 కిలో. లారీ లోడు దిగేటప్పుడు ఈ ఒక్క లెక్క చాలా అక్కరకొస్తుంది. రోజూ రాత్రి రూముకు రాగానే ఆ రోజు ఏం పని జరిగిందో, మీకేం అర్థం కాలేదో ఒక నోటుబుక్కులో రాయండి. నేను మొదటి ఏడాది రాసినవి రెండు పుస్తకాలయ్యాయి. తర్వాత బిల్లుల పనిలోకి మారినప్పుడు వాటినే తీసి చూసుకునేవాణ్ణి.

జీతం సంగతి దాచను. మొదటి మూడేళ్లు నాకు పెద్దగా పెరగలేదు. స్నేహితుల జీతాలు విన్నప్పుడల్లా మనసు చివుక్కుమనేది. బిల్లింగ్, ప్లానింగ్ నేర్చుకున్నాకే మార్పు వచ్చింది. మీకు మాత్రం రెండో ఏడాదిలోనే కొలతలు, బిల్లుల పని అడిగి మరీ తీసుకోండి అంటాను.

చేరేటప్పుడు కాగితాలు జాగ్రత్త. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇమ్మంటే చూపించి వెనక్కి తీసుకోండి, వాళ్ల దగ్గర ఉంచకండి. సీటీసీ, అంటే కంపెనీ మీ మీద పెట్టే మొత్తం ఖర్చు, అంతా చేతికి రాదు, మీ వాటాగా బేసిక్‌లో 12 శాతం పీఎఫ్‌కు పోతుంది. రేపు కంపెనీ మారినా మీ పీఎఫ్ ఖాతాలన్నిటినీ కలిపే యూఏఎన్ నంబరు అదే ఉంటుంది, పాత డబ్బు తీసేయకుండా కొత్త ఖాతాకు మార్చుకోండి.

ఇక వెళ్లేముందు ఐదు మీటర్ల టేపు, జేబులో పట్టే నోటుబుక్కు కొనుక్కోండి. సేఫ్టీ షూస్ కాలికి సరిగా పట్టేవే తీసుకోండి, రోజంతా మెట్లెక్కి దిగాలి. హెల్మెట్ తీయకండి. అంచు మీద బెల్టు లేకుండా ఎవరైనా కనబడితే, పని ఆలస్యమైనా సరే, కిందికి దింపండి. హిందీ గురించి దిగులొద్దు. 'ఊపర్, నీచే, కిత్‌నా' దగ్గర మొదలుపెట్టి నాలుగు నెలల్లో నేను ఆ బీహార్ వాళ్లతో కలిసి రొట్టెలు తింటూ కబుర్లు చెప్పుకున్నాను.