మేకల తొట్టికి ఆ వాసన డ్రమ్ములు వద్దు

అన్నా, శామీర్‌పేటలో మీ మేకల కోసం జీడిమెట్ల స్క్రాప్ షాపులో నీలం డ్రమ్ములు కొన్నామని, ఎంత కడిగినా ఘాటు వాసన పోవట్లేదని రాశారు. దయచేసి వాటిలో మేత వేయకండి. జీడిమెట్ల చుట్టూ ఉన్నవి మందులు, రసాయనాల ఫ్యాక్టరీలు. ప్లాస్టిక్ ఆ సరుకును లోపలికి పీల్చుకుంటుంది, సబ్బుతో పైపైనే పోతుంది. లోపల ఏముండేదో తెలియని డ్రమ్ము ఎంత చవకైనా పశువుల దగ్గరికి రానివ్వకూడదు. వంటనూనె, గ్లూకోజ్ సిరప్ వచ్చిన డ్రమ్ములు స్వీట్లు తయారుచేసేవాళ్లను అడిగి చూడండి. లేబుల్ ఉన్నదే తీసుకోండి.

200 లీటర్ల డ్రమ్మును నిలువునా కోస్తే రెండు తొట్లు వస్తాయి. కోసిన అంచు బ్లేడులా ఉంటుంది, మెడ గీసుకుపోతుంది. పాత నీళ్ల పైపును పొడవునా చీల్చి ఆ అంచుకు తొడగండి. తొట్టిని నేల మీద పెడితే మేకలు అందులోకి ఎక్కి పెంటికలు వేస్తాయి, ఆ తర్వాత ఆ మేతను మూతితో కూడా తాకవు. అడుగున్నర ఎత్తు స్టాండు మీద బిగించి, పైన పొడవునా ఒక కర్ర కట్టండి. తల దూరాలి, కాలు పెట్టడానికి సందు ఉండకూడదు. వాన నీళ్లు పోవడానికి అడుగున రెండు మూడు బెజ్జాలు చాలు.

డ్రమ్ముతో కోళ్ల గూడు చేయాలన్నా ఇలా లేబుల్ ఉన్న మంచి డ్రమ్మే కావాలి. మే నెల ఎండకు ఆ గూడు లోపల ఉడికిపోతుంది, చెట్టు నీడలో రెండు వైపులా గాలి ఆడేలా పెట్టండి. ఇనుప డ్రమ్ములైతే గ్యాస్ కట్టర్‌తో మాత్రం కోయించకండి, లోపల మిగిలిన ఆవిరికి నిప్పంటుకుంటే పేలుతుంది.